పేరంటాలమ్మ పక్కన బోర్డు

మా పాలమూరు వైపు రోడ్ల పక్కన ఈ మధ్య చరిత్ర బోర్డులు బాగా లేస్తున్నాయి. నేను పాన్‌గల్ దగ్గర ఒక బడిలో పిల్లలకు తెలుగు చెబుతాను. కాపురం వనపర్తిలో, పుట్టిల్లు గద్వాల. బస్సు కిటికీ పక్కన కూర్చుని తిరిగీ తిరిగీ ఆ బోర్డులన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. పాన్‌గల్ కోట గురించి చెప్పే బోర్డుకు మేకలు ఒళ్లు రుద్దుకుంటాయి. నాగర్‌కర్నూల్ పోయే తోవలో ఒక వీరుడి రాయి ఉంది. ఊరి పశువులను దొంగలు తోలుకుపోతుంటే అడ్డంపడి ప్రాణం పోగొట్టుకున్నాడని దాని బోర్డు చెబుతుంది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు ఆ వీరుడి నెత్తి మీద బీడీలు ఆర్పుతారు. ఆయన ఏమీ అనడు. చచ్చినవాళ్లతో ఉన్న సుఖమే అది, ఎవరు ఏం చేసినా పడి ఉంటారు.

ఆ బోర్డులను చూసి నవ్వుకుంటాను. ఒక్క బోర్డును చూస్తే మాత్రం ఇప్పటికీ నా రక్తం ఉడుకుతుంది. అది గద్వాల నుంచి రాజోలి పోయే రోడ్డు మీద, సీడు పత్తి చేలు మొదలయ్యే చోట ఉంది.

అక్కడొక నల్లరాయి ఉంది. మోకాలెత్తు. దాని మీద మోచేతి దాకా ఒక ఆడమనిషి చెయ్యి చెక్కి ఉంటుంది. చెయ్యి పైకెత్తి ఉంటుంది, నిండా గాజులు, పైన సూర్యుడు, చంద్రుడు. మొహం లేదు, ఒళ్లు లేదు. మా సాలెవాడలో ఆడవాళ్లంతా ఆమెను పేరంటాలమ్మ అంటారు. ఎవరి కూతురో, ఏ కాలందో ఎవరికీ తెలియదు. మా నాయనమ్మ మాత్రం తాను కళ్లారా చూసినట్టే చెప్పేది. మొగుడు బతికి ఉండగానే పసుపు కుంకుమలతో పోయిన పుణ్యాత్మురాలట. సాక్ష్యం ఏమిటంటే చేతికి గాజులు ఉండటమే. గాజులున్నాయంటే మొగుడున్నట్టే గదా అనేది. అంతకంటే పెద్ద సాక్ష్యం మా వాడలో ఎవరూ అడగలేదు.

శ్రావణమాసం ఆఖరి శుక్రవారం ఆమెకు చీర కడతారు. మూర చీర అంటాం. పేరుకు మూరెడే గాని మోసం ఉండకూడదు. ఒళ్లంతా నూలు, అంచు పట్టు, కొంగు పట్టు, అంచుకూ ఒంటికీ మధ్య పోగు పోగునూ మెలేసి కలపాలి. పెద్ద చీరకు పడే కష్టమంతా ఆ మూరెడు గుడ్డకూ పడుతుంది, అమ్ముకోవడానికి మాత్రం పనికిరాదు. ఆ చీర నేసే హక్కు మా ఇంటిది. మా అమ్మ దాన్ని గురించి గద్వాల సంస్థానం తమదే అన్నట్టు మాట్లాడేది.

మా వదిన కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ చీర ఆమే నేసేది. నాయన మగ్గానికి ఒక పక్క, వదిన ఒక పక్క. నాయన నోట మాట తక్కువ, ఆయాసం ఎక్కువ. మా అన్న మగ్గం మీద కూర్చున్నదానికంటే కల్లు దుకాణంలో కూర్చున్నదే ఎక్కువ. తర్వాత కల్లు చాలక సారాయి తాగాడు, కడుపు ఉబ్బింది, కళ్లు పచ్చబడ్డాయి, కర్నూలు దవాఖానలో పోయాడు. వాడి తోడబుట్టిన దాన్ని కాబట్టి చెబుతున్నాను, అలాంటి మనిషి కోసం చితిలో దూకడం కాదు, ఒక పూట అన్నం మానుకోవడం కూడా దండగే. వదిన వీపు మీద వాడు చేసిన గాయాలకు నేను పసుపు రాశాను, అందుకే అంత ధైర్యంగా అంటున్నాను.

పదకొండో రోజు కృష్ణ ఒడ్డున వదిన గాజులు పగలగొట్టారు. ఆ పని మొగుడు పోయినవాళ్లే చెయ్యాలి, మొగుడున్నవాళ్లు దగ్గరికి రాకూడదు. మా మేనత్త రాయి పట్టుకుని కూర్చుంది. అమ్మ దూరంగా రేవు మెట్ల మీద నిలబడి అక్కడి నుంచే అరుస్తోంది.

"అన్ని పగలాలె. ఒక్కటి గూడ మిగలొద్దు. గట్టిగ కొట్టు, ఏం కాదు."

మేనత్త గట్టిగానే కొట్టింది. గాజు పెంకు మణికట్టులో దిగింది. ఆ మచ్చ ఇప్పటికీ వదిన మగ్గం మీద నాడె విసిరినప్పుడల్లా కనిపిస్తుంది.

మరుసటి శ్రావణం వచ్చింది. ఆ పోగుల మెలిక నాయన కళ్లకు ఆనదు, మూర చీర నెయ్యడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. విధవ నేసిన చీర పేరంటాలమ్మకు పనికొస్తుందా అని వాడలో గుసగుసలు పోయాయి. అమ్మ దానికి ఉపాయం కనిపెట్టింది. వదిన చీర నేసి మగ్గం మీద నుంచి కోసి ఇవ్వగానే దాన్ని ఇత్తడి గిన్నెలో పసుపునీళ్లల్లో ముంచి పిండేది. ఆమె చెయ్యి తాకిన మైల పోవాలట. ఇస్త్రీ లేని పట్టు అంచు ఆ నీళ్లకు ముడుచుకుపోయి వంకరలు తిరిగేది. వదిన నెల రోజులు కళ్లు పోయేలా పోగులు కలిపిన చీర రాయి మీద నలిగిన జేబురుమాలులా కనిపించేది. అయినా ఎవరికీ చింత లేదు.

పూజ దగ్గర రాయి చుట్టూ సున్నంతో గీత గీస్తారు. గీత లోపల ముత్తయిదువలు. వయసులో ఉన్నవాళ్లయినా, ముసలివాళ్లయినా మొగుడు పోయిన ఆడవాళ్లు గీత అవతల, రోడ్డు వైపు, అందరూ విడిచిన చెప్పుల దగ్గర కూర్చోవాలి. ఊరకే కూర్చోరు. చెప్పులు కుక్కలు ఎత్తుకుపోకుండా చూడాలి. వదిన కొంగు నెత్తిన కప్పుకుని చెప్పులకు కాపలా కూర్చుని తన చీరను తాను దూరం నుంచి చూసేది.

ఒకసారి సెలవులకు పోయినప్పుడు నేను మగ్గం దగ్గర కూర్చుని ఉంటే తనే అంది. నన్ను ఆమె టీచరమ్మా అనే పిలుస్తుంది, సగం ముద్దు, సగం ఎగతాళి.

"ఒక్క తాప నా చేతులతోని కప్పాలె టీచరమ్మా. మొక్కు లేదు, ఏం లేదు. నేసిన చీర ఎట్ల పడ్డదో కుచ్చెళ్లు సదిరి చూడాలె. గంతే."

"గంతేనా?" అన్నాను.

"గంతకంటె నాకేం గావాలె? ఇన్నేండ్ల సంది నేస్తున్న. ఒక్కటన్న ఎవలకు కట్టి చూసిన్నా?"

నేను అమ్మను అడిగాను. అమ్మ నా వైపు చూడకుండా బియ్యంలో రాళ్లు ఏరుతూ, "సదువుకున్నవని అన్ని మాట్లాడకు" అంది. ఆ మాటతో మా ఇంట్లో ఏ చర్చయినా అయిపోతుంది.

రోడ్డు వెడల్పు చేసే పని వచ్చినప్పుడు రాయి కదిలింది. జేసీబీ దాన్ని లేపి పక్కన పత్తి చేను గట్టు మీద పెట్టింది. వాడవాళ్లంతా పోయి గొడవ చేస్తే, ఎవరో పెద్ద మనుషులు కలగజేసుకుని రాయికి చిన్న సిమెంటు గద్దె కట్టించారు. పక్కన బోర్డు కూడా పెట్టిస్తామన్నారు. బోర్డు రాసిన సారు ఒక కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. మంచి మనిషి. రాయిని తడిగుడ్డతో తుడిచి, పసుపు కుంకుమల పొరలన్నీ మెత్తగా గీకి, మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. మంచివాళ్లు చేసే పనులకు ఎవరిని తిట్టాలో తెలియదు, అదే ఇబ్బంది.

బోర్డు తెరిచే రోజు ఫ్లెక్సీలు కట్టారు. నాయకుడు వచ్చాడు, రిబ్బను కత్తిరించాడు, మన సంస్కృతి అన్నాడు, మన ఆడపడుచుల త్యాగం అన్నాడు, సమోసాలు పంచి పోయాడు. బోర్డు మీద ఏముందో అక్కడ ఎవరికీ అక్కర్లేదు. ఆడవాళ్లు మాత్రం నన్ను ముందుకు తోశారు. "టీచరమ్మ చదువుతది, జర ఇనుండ్రి" అని వదినే గట్టిగా అంది.

చదివాను. భర్త మరణానంతరం సహగమనం చేసిన స్త్రీ స్మారకశిల అని ఉంది. ఎవరికీ అర్థం కాలేదు. "అంటే ఏంది?" అన్నారు. "మొగుడు చచ్చిపోతే అతని చితిలోకే పోయిందట. కాలిపోయిందట" అన్నాను.

మా అమ్మ మొహం చూడాల్సిందే. ఇన్నేళ్లుగా పసుపు కుంకుమలతో పోయిందని చెప్పుకున్న మనిషి ఒక్క వాక్యంతో చేతిలో నుంచి జారిపోయింది.

"మరి గాజులు?" అంది మేనత్త.

సారు ఓపికగా చెప్పాడు. మొగుడితోపాటే పోయింది కాబట్టి ఆమెను విధవగా లెక్కపెట్టరు, గాజులు తియ్యరు, గాజులతోనే చితి ఎక్కుతుంది, అందుకే శిల్పి గాజుల చెయ్యి చెక్కుతాడు అన్నాడు.

అప్పుడు, ఆ రోజు కూడా చెప్పుల దగ్గరే కూర్చున్న వదిన లేచింది. మగవాళ్ల ముందు ఆమె గొంతు అంత స్పష్టంగా నేను అంతకు ముందు వినలేదు.

"సారూ, జర ఆగు. మొగడు సచ్చినంకనే గద ఆమె చితి కాడికి పోయింది?"

"అవునమ్మా."

"ఇంటి కాడికెల్లి చితి దాంక నడిసిపోయింది గద?"

"నడిచే పోయుంటుంది."

"గట్లయితే ఆ నడిసినంత సేపు ఆమె గూడ నా అసొంటిదే గద?"

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ లెక్కన అవునమ్మా" అని మెల్లగా అని, సమోసా తినకుండానే మోటారు సైకిలు ఎక్కి వెళ్లిపోయాడు. నాకు ఆ రోజు పట్టలేనంత సంతోషం వేసింది. బోర్డు మా వదిన పక్షాన ఉందనుకున్నాను. చదువు చెప్పేవాళ్లకు ఉండే పిచ్చి ఇది, రాసి ఉంటే చాలు మనుషులు ఒప్పుకుంటారనుకుంటాం.

ఆ శ్రావణం నేను ముందే గద్వాల పోయాను. వదిన చీర ఎర్రగా నేసింది, ఆకుపచ్చ అంచు, అంచు మీద కోట బురుజుల్లా కోటకొమ్మల వరస. కోసిన తర్వాత అమ్మకు ఇవ్వలేదు. పసుపు గిన్నె అలాగే ఉండిపోయింది. చీరను నాలుగు మడతలు పెట్టి, రుమాల్లో చుట్టి, రొమ్ముకు ఆనించుకుని అందరితోపాటు రోడ్డు మీద నడిచింది. సీడు పత్తి చేలల్లో విత్తనం కట్టడానికి పువ్వులకు పువ్వులు రుద్దే ఆడపిల్లలు పని ఆపి మా వైపు చూశారు. నాయన కూడా వెనక ఆయాసపడుతూ వచ్చాడు, ఎప్పుడూ రానివాడు. ఆయనకు తెలిసే ఉంటుంది.

వదిన చెప్పుల దగ్గర ఆగలేదు. చెప్పులు విడిచి సున్నం గీత దాటింది. గద్దె ముందు కూర్చుని రుమాలు విప్పింది. చీర అంచు రాయికి తాకించింది, అంతే. అమ్మ వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది, సరిగ్గా ఆ మచ్చ మీద.

"ఏందే ఇది?"

"బోర్డు మీద రాసిండ్రు గద అత్తమ్మా. ఈమె గూడ మొగడు పోయిందే. మీరందరు ఇన్నరు గద."

నేను కూడా అన్నాను, అవునమ్మా, రాసి ఉంది, అని. అమ్మ నన్ను లెక్కచేయలేదు. వదిన మొహంలోకి చూస్తూ మాట్లాడింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఇన్న. ఆమె మొగడు పోయిండు, ఆమె పోయింది. నీ మొగడు పోయిండు, నువ్వు పోలే. ఉన్నవ్. మూడు పూటల తింటున్నవ్. పోయి ఉంటె నీకు గూడ గిట్లనే రాయి పెట్టిస్తుంటిమి, చీర గడుతుంటిమి."

చుట్టూ ముత్తయిదువలు తల ఆడించారు. వాళ్లకు ఇప్పుడు అంతా సరిపోయింది. అంతకు ముందు వదినను ఎందుకు బయట పెడుతున్నారో వాళ్లకే సరిగ్గా తెలియదు, ఏదో ఆనవాయితీ అనుకునేవాళ్లు. బోర్డు వచ్చి వాళ్లకు కారణం చూపించింది. పేరంటాలమ్మ ఎందుకు పూజ్యురాలో తెలిసింది, వదిన ఎందుకు కాదో కూడా తెలిసింది. నేను ఎంతో స్పష్టంగా చదివి వినిపించాను మరి.

ఎవరో చీర లాక్కున్నారు. ఎవరో అమ్మ తెచ్చిన పసుపునీళ్లు దాని మీద గుమ్మరించారు. ఇంకెవరో తడి చీరనే రాయికి చుట్టారు, కొంగు కిందికి, అంచు పైకి, తలకిందులుగా. వదిన లేచి చెప్పుల దగ్గరికి పోయి కూర్చుంది. ఏడవలేదు. నాయన రోడ్డు అవతల నిలబడి దగ్గుతూ ఉండిపోయాడు. ఒక్క మాట అనవచ్చు ఆయన. అనలేదు. ఆయన మీద నాకు ఆ కోపం ఇంకా పోలేదు, మనిషి పోయినా పోలేదు.

ఆ చలికాలంలోనే నాయన పోయాడు. రాత్రంతా ఆయాసపడి పొద్దున మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని అలాగే ఒరిగాడట. పదకొండో రోజు మళ్లీ అదే కృష్ణ ఒడ్డు. మేనత్తకు చేతులు వణుకుతున్నాయని రాయి వదిన చేతికి ఇచ్చారు. ముత్తయిదువను కాబట్టి నన్ను దూరంగా మెట్ల మీద నిలబెట్టారు. వదిన అమ్మ చెయ్యి తన తొడ మీద పెట్టుకుని, గాజు కింద వేలు పెట్టి, ఒక్కొక్కటే చిట్లగొట్టింది. ఒక్క పెంకు కూడా దిగనివ్వలేదు. అది ప్రేమ అని నేను మెట్ల మీద నిలబడి ఏడ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే అది పనిమంతురాలి చెయ్యి, అంతే. పోగు తెగకుండా పని చేసే చెయ్యి ఎక్కడైనా అలాగే చేస్తుంది.

మొన్నటి శ్రావణంలో చీర వదినే నేసింది. ఈసారి పసుపులో ముంచే పని నాకు పడింది, ఇంటి ఆడబిడ్డను, మొగుడున్నదాన్ని. గిన్నె నా చేతిలో పెట్టారు. నేను రోడ్డు పక్కకు పోయి పసుపునీళ్లన్నీ బోర్డు మొదట్లో పారబోశాను. పొడి చీరనే తెచ్చాను. వదిన దగ్గర ఆగి గొప్పగా చూపించాను కూడా.

"ముంచలేదు వదినా."

ఆమె చీర వైపు చూసింది, నా వైపు చూసింది. "ముంచకపోతె ఏంది? నన్ను లోపటికి రమ్మన్నవా?" అంది.

నేను చీర మడతలు సర్దుకున్నాను.

అంతలో అమ్మ వచ్చింది. ఒంటి మీద తెల్ల చీర, బోసి చేతులు, అయినా పాత అలవాటు పోలేదు. కొబ్బరికాయ పట్టుకుని నేరుగా గీత వైపు నడిచింది. అందరూ చూస్తున్నారు. వాడ మొత్తానికి పూజ నేర్పిన మనిషిని ఆగమని ఎవరంటారు? నేను అనగలనా? లోపలికి పోనిస్తారేమో, పోనిస్తే వదిన కూడా వస్తుందేమో అని ఒక్క క్షణం ఆశపడ్డాను.

వదిన చెప్పుల దగ్గర నుంచి లేవకుండానే అంది.

"అత్తమ్మా, మామ పోయిండు. నువ్వు పోలే."

అమ్మ కాలు గీత మీదనే ఆగింది. వదిన కొంచెం పక్కకు జరిగి, చెప్పులు కొన్ని అవతలికి నెట్టి, నేల మీద చోటు చేసింది.

"రా, ఈడ కూసో. కుక్కలు తిరుగుతున్నయి."

అమ్మ కొబ్బరికాయ నా చేతిలో పెట్టి పోయి ఆమె పక్కన కూర్చుంది. నేను లోపలికి పోయి చీర కట్టాను. కుచ్చెళ్లు ఎంత సర్దినా నాకు రాలేదు. వదిన చేతికైతే వచ్చేవి. హారతి ఇస్తుంటే వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది, చాలా మెల్లగా, నేనెప్పుడూ వినని గొంతు.

"ఆమెకు చితిల బాగ మండి ఉంటదా, పిల్లా?"

"నాకేం తెల్సు అత్తమ్మా? నీకేం తెల్సు?" అంది వదిన. "మనం పోలేదు గద."

పూజ అయ్యాక ముత్తయిదువలంతా బయటికి వచ్చారు. వదిన ఎవరి చెప్పులు వాళ్లకు చూపిస్తోంది. అమ్మ కూర్చున్నచోటు నుంచే నా చెప్పులు వెతికి, రెండూ జతచేసి, చేత్తో నా కాళ్ల ముందుకు జరిపింది. కన్నతల్లి చేత చెప్పులు పెట్టించుకోకూడదు, తెలుసు. వద్దమ్మా అనేలోపే పెట్టేసింది. నేను వాటిలో కాళ్లు పెట్టుకుని బస్సెక్కాను.